ప్రేమ కవితలో ‘లీజు’కేం పని?

‘నువ్వు మే నెల పగటిపూటలా ఉన్నావు’ అని ఎవరితోనైనా అని చూడండి. విజయవాడలోనో రామగుండంలోనో అయితే ఆ ప్రేమకథ అక్కడితో సరి! కానీ ఇంగ్లిష్‌లో బాగా పేరున్న ప్రేమ కవిత ఒకటి వేసవి రోజు పోలికతోనే మొదలవుతుంది. అదే షేక్‌స్పియర్ 18వ సానెట్. 1609లో అచ్చయిన 154 సానెట్ల పుస్తకంలోది. మొదటి లైన్ చాలామందికి తెలుసు, వాట్సాప్ స్టేటస్‌లోనూ కనిపిస్తుంటుంది. మిగతా 13 లైన్ల జోలికి మాత్రం ఎక్కువమంది వెళ్లరు. అసలు కథంతా అక్కడే ఉంది.

నేనూ ఆ బాపతే. బీటెక్ ఫైనలియర్‌లో ఒక కంపెనీ వెర్బల్ టెస్ట్ రాశా. పాసేజ్ ఇచ్చి, రచయిత అభిప్రాయం ఏమిటని అడిగారు. మొదటి పేరా చూసి టిక్ పెట్టేశా. కింద ‘హౌఎవర్’ అన్న చోట రచయిత మాట మార్చేశాడని బయటికొచ్చాక ఫ్రెండ్ చెబితే తెలిసింది. కటాఫ్ తప్పింది. తర్వాతెప్పుడో ఈ సానెట్ పూర్తిగా చదివినప్పుడు ఆ దెబ్బే గుర్తొచ్చింది.

ఇది ఎవరి వేసవి?

ముందు మన ఎండను పక్కన పెట్టండి. ఇంగ్లండ్‌లో చలి, ముసురు ఎక్కువ. అందుకే అక్కడివాళ్లు వేసవి కోసం ఎదురుచూస్తారు, మనం తొలకరి కోసం చూసినట్టు. కాబట్టి ఆ పోలిక పొగడ్తే. కానీ కవి అక్కడితో ఆగడు. ‘నువ్వు అంతకంటే మేలు’ అంటూ వేసవిలోని లోపాలన్నీ లెక్కపెడతాడు. గాలి మే నెల మొగ్గల్ని కుదిపేస్తుంది. ఆకాశానికి కన్ను లాంటి సూర్యుడు ఒక్కోసారి మండిపోతాడు, ఒక్కోసారి అతని బంగారు ముఖం మసకబారుతుంది. అందమైనదేదైనా ఎప్పుడో ఒకప్పుడు వాడిపోవాల్సిందే. అంటే పోలిక చెప్పినట్టే చెప్పి, అది చాలదని తేల్చేస్తున్నాడన్నమాట!

తెలిసిన పదాలే ముంచుతాయి

తెలియని పదమైతే డిక్షనరీ తీస్తాం. తెలుసనుకున్న పదం దగ్గరే బోల్తా పడతాం. ‘టెంపరేట్’ వాతావరణానికీ సరిపోతుంది, మనిషి నిదానానికీ సరిపోతుంది. కవికి ఆ రెండర్థాలూ కావాలి. ‘ఫెయిర్’ అంటే ఇక్కడ తెల్లటి రంగూ కాదు, న్యాయమూ కాదు, అందం. ‘డేట్’ అంటే గడువు. ‘ఓ’ అనే క్రియను ఇప్పుడు బాకీ ఉండటానికి వాడుతున్నాం, ఆ రోజుల్లో దానికి సొంతంగా కలిగి ఉండటం అనే అర్థం కూడా ఉండేది.

ఇప్పుడు ‘లీజు’ దగ్గరికి రండి. వేసవికి అందం అద్దెకు వచ్చింది, గడువు తీరగానే ఖాళీ చేయాలి. నీకు మాత్రం అది సొంతం. రిజిస్ట్రార్ ఆఫీసులో వినిపించే మాటలతో ప్రేమ చెప్పాడు చూడండి!

మలుపు ఎక్కడ?

సానెట్‌కు 14 లైన్లు, లైన్‌కు సుమారుగా పది సిలబుల్స్. షేక్‌స్పియర్ పద్ధతిలో నాలుగేసి లైన్ల భాగాలు మూడు, చివర రెండు లైన్ల ముగింపు. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం దగ్గర పడితే, ఇక్కడ లైన్ చివర పడుతుంది.

ఈ కవితలో తొమ్మిదో లైన్ ‘బట్’తో మొదలవుతుంది. అక్కడే సీన్ మారుతుంది. నీ వేసవి వాడిపోదు, నిన్ను తన నీడలోకి లాక్కున్నానని చావు కూడా గొప్పలు చెప్పుకోలేదు అంటాడు. ఎలా? జవాబు చివరి రెండు లైన్లలో ఉంది. మనుషులు ఊపిరి తీస్తూ, కళ్లతో చూస్తూ ఉన్నంత కాలం ఈ కవిత బతుకుతుంది, అందులో నువ్వూ బతుకుతావు. ఇంత హామీ ఇచ్చిన కవితలో ఆ మనిషి పేరు లేదు. కళ్లెలా ఉంటాయో, జుట్టెలా ఉంటుందో కూడా లేదు. అయినా 400 ఏళ్లు దాటాక మీరు ఆ మనిషి గురించే చదువుతున్నారు. నిలబడింది అందం కాదు, దాని గురించి చెప్పిన మాట.

మీరూ ప్రయత్నించండి

ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈ సానెట్లు ఉచితంగా చదవొచ్చు. మొదటిసారి డిక్షనరీ లేకుండా పైకి చదవండి. రెండోసారి, తెలిసినట్టే ఉండి అక్కడ అతకని పదాలకు సున్నా చుట్టండి. మూడోసారి మలుపు ఎక్కడుందో వెతకండి. అంతా కలిపి పావుగంట పని.

ఈ అలవాటు టెస్ట్‌తోనే అయిపోదు. రేపు మీ చేతికి ఆఫర్ లెటర్ వస్తుంది. మొదటి పేరాలో అభినందనలు ఉంటాయి. ‘సబ్జెక్ట్ టు’ అనే మాట ఎక్కడుందో చూశాకే సంతకం పెట్టండి.