తాతకు ముత్తాత ఎవరు?

మీ తాతగారి పేరు మీకు తెలుసు. మరి ఆ తాతగారి ముత్తాత పేరు? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆయన ఎప్పటివాడో ముందు లెక్క వేద్దాం. తరానికి సుమారు 27 ఏళ్ళు అనుకోండి. 2012లో పుట్టిన వారికి అయిదు తరాల వెనుక అంటే 135 ఏళ్ళు. ఆయన 1877 ప్రాంతంలో పుట్టి ఉండాలి.

ఆ తరంలో మీకు పెద్దలు ఎందరు? తల్లిదండ్రులు 2, తాతలు అవ్వలు 4, ఆపైన 8, 16, 32. మన కనిగిరి వైపు మేనరికాలు ఎక్కువ కదా! మేనరికం జరిగిన ఇంట్లో ఒకే మనిషి రెండు వైపుల నుంచీ పెద్ద అవుతాడు. అప్పుడు 32 కంటే తక్కువ మందే ఉంటారు.

ఇక వెతకడం ఎలా? ఎనభై ఏళ్ళ అవ్వ ఒకామె, "మా తాత ధాత కరువులో పుట్టాడంట" అన్నదనుకోండి. ధాత అనేది 60 తెలుగు సంవత్సరాల్లో ఒకటి. అది 1816, 1876, 1936లలో వచ్చింది. 1936లో పుట్టినవాడు ఈ అవ్వకు తాత కాలేడు. 1816 మరీ వెనక్కు పోతుంది. కనుక 1876 సరిపోతుంది. ఆ ఏడు వానలు పోయాయి. 1877లో పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో బలంగా వచ్చింది. కరువు 1878 దాకా సాగింది. జనం మొత్తం కరువునే ధాత కరువు అన్నారు. కాబట్టి "1876–78 మధ్య" అని రాసుకోవడమే సరైనది.

మాటకు కాగితం తోడు కావాలి. ఇంట్లోని పాత పట్టాలు, దస్తావేజులు చూడండి. వాటిలో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు. ఇంకో సంగతి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కనిగిరి నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. పాత రికార్డులను ఆ జిల్లాల పేరున వెతకాలి. మద్రాసు ప్రభుత్వపు పాత కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మనం తాత పేరు మనుమడికి పెడతాం. కాగితంలో పేరు కలిసినంత మాత్రాన ఆయనే అనుకోవద్దు. తండ్రి పేరు, ఊరు, కాలం మూడూ కలవాలి.

మరి భూమి లేనివారి మాట? వారికి పట్టా లేదు. ఆడవారి పేర్లు పట్టాల్లో చాలా అరుదు. అయినా దారులున్నాయి. 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో వేలమంది చేరారు. ఆ కుటుంబాలవారు చర్చి పుస్తకాలు అడిగి చూడవచ్చు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికా చెరకు తోటలకు కూలీలుగా పోయినవారికి ఓడ జాబితాలున్నాయి. వాటిలో ఆడవారికీ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు విడిగా రాశారు. ఆ జాబితాల సాయంతో అక్కడి తెలుగువారు తమ పూర్వుల ఊళ్ళు తెలుసుకుంటున్నారు.

ఊరు వదలని పేదవారి పేర్లు, మన అవ్వల తల్లుల పేర్లు మాత్రం చాలావరకు పెద్దవారి నోటనే ఉన్నాయి. మా నాయనమ్మను ఆమె తల్లి పేరేమిటని నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవారు లేరు.

కాగితాలు వచ్చే ఏడైనా వెతకవచ్చు. ఇంట్లో పెద్దవారిని మాత్రం ఈ ఆదివారమే అడగండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాసిపెట్టుకోండి. మొదటి ప్రశ్న ఇది: "అవ్వా, మీ అమ్మ పేరేంటి?"