మన్యంలో మలేరియా నియంత్రణకు రక్తపూత పరీక్షే ఆధారం
జ్వరాల గణాంకాల వెనుక ఉన్న ప్రయోగశాల విధానంపై ప్రత్యేక వ్యాసం

రంపచోడవరం నుంచి చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డుపై, తూర్పు కనుమల అడవుల నడుమ ఉన్నది మారేడుమిల్లి. కొండరెడ్లు తదితర గిరిజనులు నివసించే ఈ ప్రాంతంలో వర్షాలు మొదలై వాగులు పారగానే వైద్య ఆరోగ్య సిబ్బంది జ్వరాలపై అప్రమత్తం కావలసి ఉంటుంది. నెమ్మదిగా పారే సెలయేళ్ళ అంచుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ ఈ కొండల్లో మలేరియాను వ్యాపింపజేసే ప్రధాన వాహకాల్లో ఒకటి. అయితే ప్రతి జ్వరమూ మలేరియా కాదు. అందువల్ల రక్త పరీక్ష ద్వారా వ్యాధిని నిర్ధారించిన తర్వాతే మలేరియా చికిత్స ఇవ్వాలని జాతీయ విధానం నిర్దేశిస్తున్నది.

తెలుగునేలపై ఆవిష్కరణ

ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని తొలిసారిగా చూశారు. అది దోమలోనూ పెరుగుతుందని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సర్ రొనాల్డ్ రాస్ గుర్తించారు. ఈ కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. వీరిద్దరికీ సాధనమైన సూక్ష్మదర్శినే నేటికీ మలేరియా నిర్ధారణకు ప్రామాణికంగా నిలిచి ఉన్నది.

పరీక్ష జరిగే తీరు

జ్వరపీడితుని వేలి కొన నుంచి తీసిన రక్తంతో ఒకే గాజు స్లైడుపై మందపాటి పూత, పలుచని పూత వేస్తారు. ఎక్కువ రక్తం ఉండే మందపాటి పూతలో పరాన్నజీవి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. పలుచని పూతలో అది ఏ రకమో స్పష్టమవుతుంది. ఆరిన పూతలకు రంగు ఎక్కించడానికి మన దేశంలో జె.ఎస్.బి. రంజకాన్ని విరివిగా వాడుతున్నారు. జశ్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1944లో దీనిని వెలుగులోకి తెచ్చారు. ల్యాబ్ టెక్నీషియన్ మందపాటి పూతలో కనీసం 100 దృశ్యక్షేత్రాలను పరిశీలించిన తర్వాతే పరాన్నజీవి లేదని నిర్ధారించవలసి ఉంటుంది.

రకాన్ని బట్టి చికిత్స

ఈ పరీక్షలో రకాన్ని గుర్తించడం అత్యంత కీలకం. ఫాల్సిపారం రకం సకాలంలో చికిత్స అందకపోతే మెదడుకు సోకి కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం కలిగించగలదు. దీనికి ఆర్టెమిసినిన్ ఆధారిత సంయుక్త చికిత్స ఇస్తారు. వైవాక్స్ రకం కాలేయంలో దాగి, నెలల తర్వాత కూడా తిరగబెట్టగలదు. దీనికి మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు 14 రోజులు ప్రైమాక్విన్ వాడవలసి ఉంటుంది. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరాదు.

మారుమూల గ్రామాలకు ఆర్‌డీటీ కిట్లు

కొండపై గ్రామం నుంచి స్లైడు ప్రయోగశాలకు చేరి ఫలితం రావడానికి సమయం పడుతుంది. అటువంటి చోట్ల ఆశా కార్యకర్తలే ఆర్‌డీటీ కిట్లతో పరీక్షించి సుమారు 20 నిమిషాల్లో ఫలితం తెలుసుకొనగలరు. పరాన్నజీవి విడుదల చేసే ప్రోటీన్లను ఈ కిట్ గుర్తిస్తుంది. అయితే ఫాల్సిపారం ప్రోటీన్ వ్యాధి నయమైన తర్వాత కూడా కొన్ని వారాలపాటు రక్తంలో నిలిచి ఉండవచ్చును. కాబట్టి చికిత్స ఫలించినదీ లేనిదీ తెలుసుకొనడానికి మళ్ళీ రక్తపూతనే పరిశీలించాలి. కిట్లు వేడికి, తేమకు చెడిపోయే అవకాశం ఉన్నందున వాటి నిల్వపైన కూడా శ్రద్ధ వహించాలి.

గణాంకాలను అర్థం చేసుకొనే విధానం

ప్రతి వెయ్యి జనాభాకు ఏడాదిలో నిర్ధారణ అయిన కేసుల సంఖ్యను వార్షిక పరాన్నజీవి సూచీ, అంటే ఏపీఐ అంటారు. జనాభాలో ఎంత శాతం మందికి పరీక్ష జరిగిందో వార్షిక రక్త పరీక్షల రేటు తెలుపుతుంది. ఇది కనీసం 10 శాతం ఉండాలని జాతీయ కార్యక్రమం నిర్దేశించింది. పరీక్షల్లో ఎంత శాతం పాజిటివ్‌గా తేలాయో పాజిటివిటీ రేటు చూపుతుంది.

ఉదాహరణకు, 10,000 జనాభా గల ప్రాంతంలో ఒక ఏడాది 1,000 మందిని పరీక్షించగా 20 కేసులు బయటపడినాయనుకొందాం. ఏపీఐ 2, పాజిటివిటీ 2 శాతం. మరుసటి ఏడాది 300 మందినే పరీక్షించగా 9 కేసులు తేలితే ఏపీఐ 0.9కి తగ్గుతుంది. వ్యాధి సగానికి పైగా తగ్గినట్లు కనిపిస్తుంది. కాని పాజిటివిటీ 3 శాతానికి పెరిగింది. ఇక్కడ నిజంగా తగ్గినది పరీక్షల సంఖ్యే. ఈ అంకె ఆధారంగా దోమల మందు పిచికారీని, దోమతెరల పంపిణీని కుదిస్తే గుర్తింపునకు రాని రోగుల నుంచి వ్యాధి మళ్ళీ వ్యాపిస్తుంది.

2016లో విడుదలైన మలేరియా నిర్మూలన జాతీయ ప్రణాళిక 2030 నాటికి దేశాన్ని మలేరియా రహితం చేయాలని లక్ష్యంగా నిర్ణయించింది. ఏపీఐ ఒకటి లేదా అంతకు మించిన ప్రాంతాలను అధిక తీవ్రత గలవిగా వర్గీకరించింది. అందువల్ల కేసుల సంఖ్యను సమీక్షించే అధికారులు, ప్రచురించే పాత్రికేయులు దానితో పాటు ఎన్ని పరీక్షలు జరిగాయి, వాటిలో ఫాల్సిపారం ఎంత శాతం, ఫలితం ఎన్ని గంటల్లో రోగికి చేరింది అనే వివరాలను కూడా తెలుసుకొనడం అవసరం. మన్యం ప్రజలు జ్వరం సోకిన వెంటనే రక్త పరీక్ష చేయించుకొని, మందులను పూర్తి కాలం వాడినప్పుడే ఈ లక్ష్యం నెరవేరుతుంది.