యంత్రపు బెల్టును కొలుచుట ఎట్లు?

ఊరిలోని పిండిమర బెల్టు సరిగా పండుగ ముందు తెగినదనుకొందము. మోటారు తిరుగుచున్నది, మర కదలదు. డబ్బాలతో వచ్చినవారు వాకిట వేచియున్నారు. యజమాని తెగిన బెల్టు వీపుమీద టేపు పరచి 54 అంగుళములని గుర్తించుకొని, పట్నమునకు పోయి ‘ఏ-54’ బెల్టు తెచ్చును. తీరా తొడిగి చూడగా అది వదులు. మోటారును చివరివరకు వెనుకకు జరిపినను బిగియదు. ఆనాటి రాబడియు, దారి ఖర్చులును పోయినవి. దుకాణదారుని తప్పేమియు లేదు. కొలత తీసిన తీరే తప్పు.

ఆ తప్పెక్కడనో తెలియుటకు బెల్టు నిర్మాణము కొంత గ్రహింపవలెను. బల్లపరుపు బెల్టును కావలసినంత కోసి అతుకవచ్చును. వి-బెల్టు అట్టిది కాదు, అతుకులేని వలయము. దాని అడ్డుకోత పైన వెడల్పుగా, క్రింద సన్నముగా నుండును. అది పుల్లీ గాడి అడుగును తాకదు. రెండు ప్రక్కలను ఒరసికొని పట్టుతో త్రిప్పును. కావున పొడవొక్కటే చాలదు. వెడల్పు, మందము కూడ సరిపోవలెను.

సామాన్యముగా వాడుకలోనున్న తరగతులు మూడు. ‘ఏ’ తరగతి బెల్టు పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, మందము 8, ‘బి’కి 17, 11, ‘సి’కి 22, 14. ‘ఎస్.పి.ఏ.’ అను వేరొక జాతి కలదు. వెడల్పులో అది ‘ఏ’ వలెనే కనబడును గాని మందము 10 మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రమే చూచువారు ఇచ్చటనే మోసపోవుదురు.

ఇక పొడవు సంగతి. ‘ఏ-52’ అనగా లోపలి చుట్టుకొలత 52 అంగుళములని అర్థము. టేపు పట్టునది బయటి వీపున. ఈ రెండింటికి గల తేడా బెల్టు మందమునకు ఇంచుమించు ఆరుంబావు రెట్లు. అనగా ‘ఏ’కు 2 అంగుళములు, ‘బి’కి రెండుముప్పాతిక, ‘సి’కి మూడున్నర. బయటి కొలతనుండి ఇంతమేర తీసివేసిన మిగులునదే అడుగవలసిన సంఖ్య. మన యజమాని 54 నుండి 2 తీసివేసి ‘ఏ-52’ అడిగియున్నచో మర ఆ సాయంత్రమే తిరిగియుండెడిది. అయితే కొన్ని బెల్టులమీద పొడవు మిల్లీమీటర్లలో నుండును. అట్టిచో ఆ అంకెను అక్షరములతో సహా ఉన్నదున్నట్లు వ్రాసికొనిపోవుట మేలు.

పాత బెల్టు వాడుకలో సాగును, ప్రక్కలు అరుగును. అందుచేత దాని కొలతకంటె దానిమీది అంకె నమ్మదగినది. అంకె చెరిగిపోయినచో, మోటారును బిగింపునకు చోటుండునట్లు కొంత ముందుకు జరిపి, రెండు పుల్లీల అంచులమీదుగా సాగని త్రాడును చుట్టి కొలువవలెను. బెల్టు వీపు అంచుతో సమముగా కూర్చుండును గనుక ఇది బయటి కొలతయే; పైన చెప్పిన తీసివేత దీనికిని వర్తించును.

గాడి అడుగు తళతళ మెరయుచున్నచో బెల్టు అడుగు తాకుచున్నదని గుర్తు. అరిగినది బెల్టో, గాడియో చూడవలెను. గాడి అరిగినచో క్రొత్త బెల్టు తెచ్చినను జారును. ఒక పుల్లీమీద రెండు మూడు బెల్టులున్నచో అన్నింటిని ఒకేసారి మార్చవలెను. లేనిచో బరువంతయు క్రొత్తదానిమీదనే పడును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. కొలుచుటకు ముందు మెయిను స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసి దగ్గరనుంచుకొనవలెను. చక్రము పూర్తిగా నిలుచువరకు చేయి పెట్టరాదు. కండువా, పైట, జడ దూరముగా నుండవలెను. తిరుగుచున్న పుల్లీమీదికి బెల్టు నెక్కించు సాహసము వ్రేళ్లకు ముప్పు తెచ్చును. గునపముతో నెట్టి ఎక్కించినచో బెల్టు లోపలి దారములు తెగును. మోటారు బోల్టులు వదులుచేసి, బెల్టును తొడిగి, పిదప బిగించుటయే పద్ధతి.

క్రొత్త బెల్టు వేసిననాడే దానిమీది అక్షరమును, సంఖ్యను మర ప్రక్క గోడమీద పెద్దగా వ్రాసియుంచుడు. మరల బెల్టు తెగిననాడు టేపుతో పనియే యుండదు.