సౌర కంచె బ్యాటరీ: చిన్న సౌర ఫలకం నుండి ఛార్జింగ్ నియంత్రణ

చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతం కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యాన్ని ఆనుకొని ఉంది. 1980ల మధ్యకాలంలో పొరుగున ఉన్న తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ అడవిని 1990లో అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచు గ్రామాలలో వరి, చెరకు, అరటి, టమాట పంటలకు ఏనుగుల బెడద తీవ్రమైన సమస్య. పంట రక్షణకు అనుసరించే పద్ధతులలో సౌర విద్యుత్ కంచె ఒకటి.

సౌర కంచెలో ఎనర్జైజర్ అనే పరికరం 12 వోల్టుల బ్యాటరీ నుండి శక్తిని గ్రహించి, సుమారు సెకనుకు ఒకసారి, అత్యల్ప వ్యవధి గల అధిక వోల్టేజి స్పందనను తీగలోనికి పంపుతుంది. ఇది జంతువును బెదరగొడుతుంది గాని చంపదు. బ్యాటరీ బలహీనపడితే తీగలు నిలిచే ఉన్నా కంచె పనిచేయదు. ఇలా రెండు మూడుసార్లు పంట నష్టపోయిన రైతుకు సౌర కంచెపై నమ్మకం పోతుంది. ఆ నిరాశలో 230 వోల్టుల సరఫరాను నేరుగా తీగకు కలిపితే ఏనుగులకే కాక మనుషులకు కూడా ప్రాణాపాయం. అది చట్టరీత్యా నేరం. అందువలన బ్యాటరీ ఛార్జింగ్ నియంత్రణను కంచె భద్రతలో భాగంగానే పరిగణించాలి.

నియంత్రణ ఆవశ్యకత:

12 వోల్టుల బ్యాటరీకి వాడే 36 సెల్‌ల సౌర ఫలకం, భారం లేనప్పుడు 21 నుండి 22 వోల్టుల వరకు ఇస్తుంది. లెడ్ ఆసిడ్ బ్యాటరీలో వోల్టేజి సుమారు 14.4 దాటిన తరువాత వచ్చే విద్యుత్తులో ఎక్కువ భాగం నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టడానికే వ్యయమవుతుంది. దీని వలన నీటిమట్టం తగ్గి ప్లేట్లు దెబ్బతింటాయి. మరోవైపు, బ్యాటరీ వారాల తరబడి పూర్తిగా నిండకుండా ఉంటే ప్లేట్లపై లెడ్ సల్ఫేట్ గట్టిపడి నిల్వ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. ఛార్జ్ కంట్రోలర్ మొదటి నష్టాన్ని నివారించగలదు. రెండవ దానిని నివారించాలంటే ఫలకం పరిమాణం కూడా సరిపోవాలి.

కంట్రోలర్ మూడు దశలలో పనిచేస్తుంది. మొదటి దశలో ఫలకం ఇచ్చే విద్యుత్తునంతటినీ బ్యాటరీకి పంపుతుంది. వోల్టేజి 14.4కు చేరిన తరువాత దానిని అక్కడే నిలిపి, విద్యుత్ ప్రవాహాన్ని క్రమంగా తగ్గిస్తుంది. బ్యాటరీ నిండిన తరువాత 13.5 నుండి 13.8 వోల్టుల వద్ద నిలకడగా ఉంచుతుంది. ఈ విలువలు 25 డిగ్రీల సెల్సియస్‌కు వర్తిస్తాయి. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగే కొద్దీ ఒక్కో సెల్‌కు 3 నుండి 5 మిల్లీవోల్టులు తగ్గించాలి. 4 మిల్లీవోల్టుల చొప్పున ఆరు సెల్‌లకు లెక్కిస్తే, 40 డిగ్రీల వద్ద 14.4కు బదులు సుమారు 14.0, 15 డిగ్రీల వద్ద సుమారు 14.6 వోల్టులు అవసరం. కనుక ఉష్ణోగ్రతను బట్టి సవరించుకునే కంట్రోలర్‌ను ఎంపిక చేసి, దానిని బ్యాటరీ ఉన్న నీడలోనే అమర్చాలి. అయితే వెలువడే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలే ప్రమాదం ఉన్నందున రెండింటినీ మూసివేసిన ఒకే పెట్టెలో ఉంచరాదు.

పరిమాణ నిర్ణయం:

ఎనర్జైజర్ సగటున 0.3 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుంటే, రోజంతా పనిచేయడానికి 7.2 ఆంపియర్ అవర్లు కావాలి. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ ప్రాంతంలో మబ్బు రోజులు వరుసగా వస్తాయి. నాలుగు రోజుల అవసరం 28.8 ఆంపియర్ అవర్లు. బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక సుమారు 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అవసరం.

నష్టాలను కలుపుకొంటే రోజువారీ భర్తీకి 9 ఆంపియర్ అవర్లు కావాలి. పూర్తి తీవ్రత గల ఎండ రోజుకు నాలుగు గంటలకు సమానంగా లభిస్తుందని అనుకుంటే, 2.25 ఆంపియర్లు సరిపోతాయి. సుమారు 40 వాట్ల ఫలకం దీనిని ఇస్తుంది. కాని మబ్బు రోజులలో ఖాళీ అయిన భాగాన్ని ఆరు రోజులలో తిరిగి నింపాలంటే రోజుకు మరో 6 ఆంపియర్ అవర్లు, అంటే మొత్తం 15 కావాలి. ఇందుకు 3.75 ఆంపియర్ల ఫలకం, అనగా సుమారు 75 వాట్లది అవసరం. 40 వాట్ల ఫలకం వేసవిలో చక్కగా పనిచేసి, పంట చేతికి వచ్చే శీతాకాలంలో విఫలమవడానికి కారణం ఇదే.

సాధారణ పి.డబ్ల్యు.ఎం. కంట్రోలర్‌లో ఫలకం విద్యుత్ ప్రవాహమే బ్యాటరీకి చేరుతుంది, కనుక లెక్క వాట్లలో గాక ఆంపియర్లలో వేయాలి. ఎం.పి.పి.టి. రకం అదనపు వోల్టేజిని కూడా వినియోగించుకుంటుంది. కాని ఇంత చిన్న ఫలకానికి ఆ వ్యయం కన్నా ఫలకం పరిమాణం పెంచడమే తరచుగా లాభదాయకం. 75 వాట్ల ఫలకానికి 10 ఆంపియర్ల కంట్రోలర్ చాలును.

కనిష్ఠ వోల్టేజి వద్ద నిలిపివేత:

బ్యాటరీ రక్షణకు అనేక కంట్రోలర్లు 11 వోల్టుల పరిసరాలలో భారాన్ని నిలిపివేస్తాయి. ఎనర్జైజర్ వంటి స్వల్ప భారానికి ఈ విలువ తగదు. తక్కువ ప్రవాహం వద్ద 11 వోల్టులు చూపే లెడ్ ఆసిడ్ బ్యాటరీ దాదాపు పూర్తిగా ఖాళీ అయినట్లే. వీలున్నచోట ఈ విలువను 11.8కి మార్చుకోవాలి. అయితే నిలిపివేసిన క్షణం నుండి కంచెకు శక్తి ఉండదు. కాబట్టి నిలిపివేత చివరి రక్షణ మాత్రమే. ఆ స్థితి రాకుండా చూడడమే అసలు లక్ష్యం. సూర్యోదయానికి ముందు మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజి చూడడం ఇందుకు సులభమైన మార్గం. 12.5 ఉంటే నిల్వ బాగున్నట్లు. 12.2కు తగ్గితే సగం ఖాళీ అయినట్లు గ్రహించి, ఆ రాత్రి లోపు బ్యాటరీని బయట ఛార్జ్ చేయించాలి, లేదా మరొక దానిని అమర్చాలి.

అమరికలో జాగ్రత్తలు:

* ముందుగా బ్యాటరీని, తరువాత ఫలకాన్ని, చివరగా ఎనర్జైజర్‌ను కంట్రోలర్‌కు కలపాలి. విడదీసేటప్పుడు ఈ క్రమాన్ని తిరగవేయాలి.
* బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి.
* పలమనేరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. శీతాకాల అవసరాన్ని దృష్టిలో ఉంచుకొని ఫలకాన్ని దక్షిణ దిశగా 25 డిగ్రీల వాలుతో అమర్చడం మేలు. ఒక్క సెల్‌పై కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది.
* లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాడితే కంట్రోలర్‌లో ఆ రకాన్నే ఎంచుకోవాలి. దానికి ఉష్ణోగ్రత సవరణ గాని, లెడ్ ఆసిడ్‌కు చేసే సమీకరణ ఛార్జింగ్ గాని వర్తించవు.

విస్తరణ శాస్త్రవేత్తలు కంచె ప్రదర్శన క్షేత్రాలలో తీగ వోల్టేజితోపాటు ఉదయపు బ్యాటరీ వోల్టేజిని కూడా ప్రతిదినం నమోదు చేయించాలి. వరుసగా మూడు రోజులు ఆ విలువ తగ్గుతూ వస్తే లోపం ఫలకంలో ఉందో, కంట్రోలర్‌లో ఉందో, బ్యాటరీలో ఉందో పరిశీలించడానికి వ్యవధి మిగులుతుంది. కంచె విఫలమయ్యే రాత్రిని ముందుగా పసిగట్టడానికి రైతు వద్ద ఉండగల అతి చౌకైన సాధనం ఈ నమోదు పుస్తకమే.