ఢిల్లీ లేఖ: రెండు జాబితాల నడుమ ఖరగ్‌పూర్ తెలుగువారు

ప్రవాసాంధ్రుల కష్టసుఖాలు అనగానే మనకు అమెరికా వీసాలు, గల్ఫ్ దేశాలలో యజమానులు అట్టిపెట్టుకునే పాస్‌పోర్టులు జ్ఞాపకం వస్తాయి. పాస్‌పోర్టు అవసరం లేని ప్రవాసం కూడా ఒకటున్నది. అది సముద్రం దాటి వెళ్ళినది కాదు. మద్రాసు మెయిలులో మూడవ తరగతి పెట్టెలో కూర్చుని వెళ్ళినది. ఖరగ్‌పూర్ అంటే ఐఐటి ఉన్న ఊరని మన పాఠకులలో పెక్కుమంది ఎరుగుదురు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనాలలో మొదలైన ఆ సంస్థలో చదివి ఏటేటా వందలాది తెలుగు విద్యార్థులు పైకి వస్తున్నారు. ఆ ప్రాంగణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, మథురాకాటీ, నింపురా వంటి రైల్వే కాలనీలలో, నాలుగు తరాలుగా తెలుగు సంసారాలు సాగుతున్నాయన్న విషయం ఆ విద్యార్థులలో ఎందరికి తెలుసునో చెప్పలేను. ఇటీవల పని మీద కోల్‌కతా వెళ్ళి తిరిగి వస్తూ అక్కడ రెండు రోజులు ఆగాను.

ఈ వలస పుట్టుక రైల్వే చరిత్రలో ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గాలను కలిపే కూడలిగా ఖరగ్‌పూర్‌ను ఎంచుకున్నది. 1900లో రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తి కావడంతో హౌరాకు దారి ఏర్పడింది. అదే ఏడు రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన లేచింది. ఆనాడు మద్రాసు రాజధానిలో భాగమైన గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి, అనగా నేటి టెక్కలి, పలాస, ఆమదాలవలస, విజయనగరం ప్రాంతాల నుంచి, పట్టాలు వేయడానికి, బొగ్గు ఎత్తడానికి, తరువాత వర్క్‌షాపులో ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరడానికి జనం తరలివెళ్ళారు. 1927లో ఆ వర్క్‌షాపులో ఉద్యోగాల తొలగింపు మీద పెద్ద పోరాటం నడిచింది. దానికి నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ఒకరు. 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు ఆయనే రాష్ట్రపతి భవనంలో ఉండడం చరిత్ర చేసిన పరిహాసం అనుకోవాలి.

ఇంత పాత కాపురానికి ఇబ్బందులేమిటి అని అడగవచ్చు. పైకి కనిపించేవి చిన్నవే. రేషను దుకాణంలో దొరికేది ఉప్పుడు బియ్యం, అంగట్లో ఆవనూనె. నాలుగు తరాలలో నాలుకలు సర్దుకున్నాయి. చింతపండు, ఆవకాయ మాత్రం ఇప్పటికీ ఊరి నుంచే మూటలలో వస్తాయి. ఇంట్లో శ్రీకాకుళం యాస, వీధిలో బెంగాలీ మాటలు కలిసిన ఒక విచిత్రమైన హిందీ, బడిలో ఏది దొరికితే అది. ఇవి తిట్టుకుంటూ అలవాటు చేసుకునే చిక్కులు. పేర్ల చిక్కు మాత్రం అలాంటిది కాదు.

బెంగాలీ లిపిలో మన 'వ'కారానికి నేరైన అక్షరం లేదు. వెంకటరావును 'భ'తో మొదలుపెట్టి రాస్తారు. దానిని మరొక గుమాస్తా ఇంగ్లీషులోకి మార్చేసరికి అతను భెంకట్ రావు అవుతాడు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోవడం వల్ల 'రావు' అనేదే వంశనామం అనుకుని, ఊరిలోని రావులందరినీ అన్నదమ్ములుగా లెక్కించిన అధికారులు కూడా ఉన్నారట. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు మగవారికీ ఆడవారికీ పెడతారు. ఆ సంగతి తెలియని గుమాస్తా తనకు తోచిన గడిలో గీత పెడతాడు. అన్నిటికన్నా చమత్కారం 'స్వామి'ది. బెంగాలీలో స్వామి అంటే భర్త. ఓటర్ల జాబితాలో స్త్రీ పేరు కింద భర్త పేరు రాసే చోట ముందు ఆ మాటే ఉంటుంది. అప్పలస్వామి అనే పెద్దమనిషి పేరు ఆ లిపిలో చదివితే అప్పల అనే ఆమెకు భర్త అన్న అర్థం తోస్తుంది! ఈ ముచ్చట చెప్పి నవ్వించిన వృద్ధుడే వెంటనే నవ్వు ఆపి, 2025 నవంబరులో బెంగాల్‌లో ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు తమ వీధి వీధంతా 2002 నాటి జాబితాలో తండ్రుల పేర్లు వెతుక్కున్నదని అన్నాడు. తండ్రి పేరు మూడు కాగితాలలో మూడు విధాలుగా ఉన్నవారికి ఆ వారాలలో నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కరలేదు.

రైల్వే ఉద్యోగం ఉన్నంతవరకు ఈ చిక్కులన్నిటికీ ఒక విరుగుడు ఉండేది. అది పాసు. ఏడాదికి ఇన్ని సెట్లని పాసులుంటాయి. వేసవిలో, సంక్రాంతికి, చావుకు, పెళ్ళికి కుటుంబమంతా బండెక్కి ఊరికి పోయి రావచ్చు. రమారమి ఆరువందల యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను వారికి పొరుగూరు వంటిది. కొడుక్కి రైల్వేలో కొలువు రాకపోతే పాసు పోతుంది. పాసుతో పాటు ఊరూ పోతుంది. హౌరా వైపు నుంచి నిండి వచ్చే బండ్లలో టిక్కెట్టు కొనుక్కుని నలుగురు పిల్లలతో ఎన్నిసార్లు వెళతారు? భాషాభిమానం గురించి మనం సభలలో చేసే ఉపన్యాసాలలో ఈ పాసు ప్రసక్తి రాదు గాని, ఖరగ్‌పూర్ తెలుగును ఇంతకాలం బతికించినవాటిలో బడి కన్నా దానికే ఎక్కువ భాగం ఉన్నదని నా అభిప్రాయం.

అటువంటిదే మరొక మార్పు 2003లో జరిగింది. అంతవరకు ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. ఖరగ్‌పూర్ ఉద్యోగి ఒకే జోను లోపల బదిలీ కోరి సొంత గడ్డకు చేరే వీలుండేది. భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే ఏర్పడి వాల్తేరు అందులోకి వెళ్ళాక అది జోను మారే బదిలీ అయింది. స్వయంగా కోరుకుని జోను మారినవాడు సీనియారిటీలో అట్టడుగుకు దిగాలి. ఇరవై ఏళ్ళ సర్వీసును ఆ విధంగా వదులుకునేవారు అరుదు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోనును 2019లో ప్రకటించినప్పుడు మన ఎం.పీ.లు దానిని ప్రాంతీయ గౌరవ సమస్యగా చర్చించారు. జోన్ల సరిహద్దుకు ఆవల చిక్కుకున్న తెలుగు కార్మికుల మాట ఆ చర్చలలో నా చెవిన పడలేదు. గ్యాంగుమెన్, డ్రైవర్లు ముందుగా విరమణ చేసి పిల్లలకు ఉద్యోగం ఇప్పించుకునే పథకాన్ని 2004లో తెచ్చి 2018లో రద్దు చేశారు. ఉద్యోగాలు వారసత్వంగా ఇవ్వరాదన్న న్యాయస్థానాల వాదన సబబే. కాని పదవీ విరమణ తరువాత కొద్ది నెలలకే క్వార్టరు ఖాళీ చేయవలసిన కుటుంబానికి ఆ వాదన నీడ ఇవ్వదు.

భాష సంగతికి వస్తాను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో స్థానం కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. మరి నాలుగు మాసాలలో శాసనసభ ఎన్నికలు ఉన్నాయన్న సంగతి కాకతాళీయం అనుకునేంత అమాయకులు నా పాఠకులు కారు. ఆ 2021 ఎన్నికలలో ఖరగ్‌పూర్ సదర్ స్థానం అధికార పక్షానికి దక్కలేదు, బి.జె.పి. గెలుచుకున్నది. ఏ ఉద్దేశంతో ఇచ్చినా హోదా హోదాయే. అయితే నేను చూసిన కచేరీలలో ఏ కిటికీ దగ్గరా తెలుగు దరఖాస్తు ఫారం కనిపించలేదు. ఆంధ్రా హైస్కూలు, తెలుగు విద్యాపీఠం వంటి బడులను నిలబెట్టిన తరం వృద్ధాప్యంలోకి జారింది. పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతున్న తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత మనకు లేదు. 2019 నవంబరులో సాక్షాత్తు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పాఠశాలల నుంచి తెలుగు మాధ్యమాన్ని తొలగించే ఉత్తర్వు ఇవ్వగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేయవలసి వచ్చింది.

అన్నిటికన్నా బరువైన విషయాన్ని చివరకు ఉంచాను. ఖరగ్‌పూర్‌కు వలస వెళ్ళినవారిలో మాల, మాదిగ, రెల్లి కుటుంబాలున్నాయి. 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఆంధ్ర జాబితాలో ఈ మూడు కులాలూ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ జాబితాలోని 60 కులాలలో ఇవి లేవు. 'మాల్' అనే కులం ఒకటి ఉన్నది గాని, అది వేరు, మన మాలలు వేరు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి విరమించిన ఒకాయన మనుమరాలు రాష్ట్ర ప్రభుత్వ నర్సింగు కోర్సుకు దరఖాస్తు చేస్తూ ధ్రువపత్రం అడిగితే, మీ కులం ఈ రాష్ట్రంలో లేదని చెప్పి పంపారు. పొమ్మన్న గుమాస్తాది తప్పు కాదు. అతని ముందున్న జాబితాలో లేదు మరి.

న్యాయసూత్రం స్పష్టంగానే ఉన్నది. ఆంధ్రలో షెడ్యూల్డు తెగలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక తెలుగు విద్యార్థికి అక్కడి వైద్య కళాశాలలో రిజర్వేషను వర్తించదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2018లో మరొక ధర్మాసనం ఆ సూత్రాన్ని తిరిగి ధ్రువపరిచింది. వెనుకబాటుతనాన్ని ఆయా ప్రదేశాన్ని బట్టి కొలవాలి, బయటివారు వస్తే స్థానిక దళితుల వాటా తగ్గుతుంది అన్నది కోర్టు భావన. నిన్న వచ్చినవాడి విషయంలో దానిని కాదనలేము. నాలుగు తరాలుగా అక్కడే పుట్టి, అక్కడే ఊడ్చి, అక్కడే పోయినవారిని బయటివారనడమే నాకు మింగుడుపడని విషయం. రైలెక్కితే కులం స్టేషనులో దిగిపోతుందా?

సొంత రాష్ట్రం నుంచి పత్రం తెచ్చుకోవచ్చు గదా అంటారు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాడు ఎవరి స్థిరనివాసం ఎక్కడో వారు ఆ రాష్ట్ర జాబితాకు చెందుతారు. పొట్టకూటికి తాత్కాలికంగా వేరే చోట ఉన్నవారిని మాత్రం సొంత రాష్ట్రం వారిగానే పరిగణించవచ్చు. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం చూపితే, వలస వెళ్ళిన చోట కూడా ఆ ఆధారం మీద బిడ్డకు పత్రం ఇవ్వవచ్చు. అది కేంద్ర ఉద్యోగాలకు పనికివస్తుంది, బెంగాల్ కళాశాలలకు పనికిరాదు. కాని పైన చెప్పిన ఫిట్టరు తాత 1950కి ఎంతో ముందే ఖరగ్‌పూర్ చేరాడు. అరవై ఏళ్ళు బతికి అక్కడే మట్టిలో కలిసిన మనిషి తాత్కాలికంగా ఉన్నాడని ఎవరు రాసివ్వాలి? ఊరిలో సెంటు భూమి లేని కుటుంబానికి టెక్కలి తహసీలు రికార్డులలో ఏ ఆనవాలు దొరుకుతుంది?

ఎలాగో ఆంధ్ర పత్రం సంపాదించినా అక్కడ మరొక తలుపు మూసి ఉంటుంది. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం కళాశాలలలో నూటికి 85 సీట్లు స్థానికులవి. స్థానికత కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఖరగ్‌పూర్‌లో చదివిన పిల్ల విశాఖలో స్థానికేతరురాలు, బెంగాల్‌లో జాబితాకు అందనిది. ఆ వృద్ధుడు దీనినే తన యాసలో ఒక్క ముక్కలో చెప్పాడు: "ఊరెళితే కరగపూరోళ్ళొచ్చారంటారు బాబూ, ఇక్కడేమో తెలుగోళ్ళంటారు."

భాషా అల్పసంఖ్యాకుల కోసం రాజ్యాంగంలో ఏర్పాటు లేకపోలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350-ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యను, 350-బి ఒక ప్రత్యేకాధికారిని నిర్దేశించాయి. చిరకాలం అలహాబాదు కేంద్రంగా నడిచిన ఆ కమిషనరు కార్యాలయం నివేదికలు రాష్ట్రపతి ద్వారా ఉభయ సభలకూ వస్తాయి. ప్రశ్నోత్తరాల సమయం ముగియగానే, సభ్యులు లేచి బయటకు పోతుండగా, ఒక సహాయ మంత్రి వాటిని బల్లపై పెట్టడం నేను ఎన్నోసార్లు గ్యాలరీ నుంచి చూశాను. వాటిపై చర్చ జరగగా విన్న జ్ఞాపకం లేదు. ఆ నివేదికలు బడులు, పాఠ్యపుస్తకాల గురించి చెబుతాయి గాని, కులాల జాబితా ఆ అధికారి పరిధిలోనిది కాదు.

ఆ జాబితాను మార్చే అధికారం 341వ అధికరణం కింద పార్లమెంటుకు మాత్రమే ఉన్నది. 1999లో నిర్ణయించిన పద్ధతి ప్రకారం ముందు రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చేయాలి. దానికి రిజిస్ట్రార్ జనరల్, ఆ తరువాత జాతీయ కమిషను సమ్మతించాలి. అప్పుడు బిల్లు వస్తుంది. అనగా మొదటి కాగితం కోల్‌కతాలో తయారు కావాలి. ఖరగ్‌పూర్ మేదినీపూర్ లోక్‌సభ నియోజకవర్గంలోనిది. 1996లో దేశ హోం మంత్రి అయిన ఇంద్రజిత్ గుప్తా 1989 నుంచి 2001లో మరణించే వరకు ఆ స్థానానికి ప్రాతినిధ్యం వహించారు. అంతటి సభ్యుని కాలంలోనూ ఈ మూడు పేర్లు ఆ జాబితాకెక్కలేదు. లోక్‌సభలో పశ్చిమ బెంగాల్‌కు 42 స్థానాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కలిపితే అవీ సరిగ్గా 42. ఈ 84 మందిలో ఒక్కరు 377వ నిబంధన కింద నోటీసు ఇచ్చినా, సంబంధిత మంత్రి లిఖితపూర్వకంగా జవాబు పంపవలసి ఉంటుంది. నోటీసు పొడవు ఒక పేజీకి మించనక్కరలేదు.