సెల్‌ఫోన్‌లో అంగడి: మన మనసు, మన డబ్బు, మన ఆరోగ్యం

ఒకప్పుడు ఏదైనా కొనాలంటే బస్సెక్కి మేడ్చల్ వెళ్లాలి, లేదా వారం వారం జరిగే అంగడి దాకా ఆగాలి. వస్తువును చేత్తో పట్టి చూసేవాళ్లం, బేరం ఆడేవాళ్లం, నచ్చకపోతే పక్క దుకాణానికి పోయేవాళ్లం. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు మనసు ఒకసారి చివుక్కుమనేది. ఇప్పుడు ఆ అంగడి సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. రాత్రి పదకొండు గంటలకు కూడా మూసుకోదు. 2015 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్ సంస్థ మన గుండ్లపోచంపల్లిలో పెద్ద గిడ్డంగి తెరిచింది. వస్తువులు మోసుకొచ్చే బండ్లు ఈనాడు మేడ్చల్, శామీర్‌పేట పల్లెల గల్లీల్లో కూడా తిరుగుతున్నాయి.

ఆన్‌లైన్‌లో కొనడం చెడ్డదని చెప్పడం మా ఉద్దేశం కాదు. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేని పెద్దవాళ్లకు వాకర్, బీపీ మిషన్ ఇంటికే రావడం ఎంతో మేలు. కానీ ఈ అంగడి మన మనసు మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా అందులో తిరిగితే నష్టం డబ్బుకే కాదు, ఆరోగ్యానికి కూడా.

ఆరోగ్య పుస్తకంలో ఈ విషయం ఎందుకు?

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. భార్య ఇంటిపని ముగించి, పిల్లలు పడుకున్నాక ఫోన్ చేతిలోకి తీసుకుంటుంది. అదొక్కటే ఆమెకు దొరికే తీరిక. మొదట 199 రూపాయల కుర్తా, తర్వాత వంటగది డబ్బాలు, ఆ తర్వాత "ఈ రాత్రికే ఆఫర్" అన్న మిక్సీ. ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుగా కనిపించదు. నెలాఖరుకు చూస్తే చేతిలో డబ్బు ఉండదు. అత్తగారు షుగర్ మాత్రల గురించి అడిగితే "జీతం రాగానే తెద్దాంలే అత్తమ్మా" అంటుంది. ఆ పెద్దావిడ రోజుకు రెండు వేసుకోవాల్సిన మాత్రను ఒకటే వేసుకుంటూ రోజులు నెట్టుకొస్తుంది. ఎవరికీ చెప్పదు.

ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ కొద్ది వారాలు ఇలా జరిగితే షుగర్ పెరుగుతుంది, కాలి పుండు మానదు. కారణం వెతికితే చివరికి ఆ ఫోన్ దగ్గరికే వెళ్తాం.

పరిశోధకులు కనుగొన్నదేమిటి?

కొనేవాళ్ల మనస్తత్వం మీద చాలా ఏళ్లుగా విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. మీ ఇంట్లో ఎంబీఏ చదివే పిల్లలుంటే అడగండి, "కన్స్యూమర్ బిహేవియర్" అని ఒక సబ్జెక్టే ఉంటుంది. అంటే అమ్మేవాళ్లు మన మనసును పుస్తకంలా చదువుకుని వస్తున్నారు. మనం కూడా కొంచెం చదువుకోవడం న్యాయమే కదా!

2007లో అమెరికాలో బ్రయాన్ నట్సన్ బృందం 26 మందికి వస్తువులు, వాటి ధరలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. నచ్చిన వస్తువు కనబడగానే మెదడులో ఆశకు సంబంధించిన భాగం చురుకైంది. ధర ఎక్కువనిపించినప్పుడు బాధకు సంబంధించిన మరో భాగం చురుకైంది. కొనాలా వద్దా అన్నది ఈ రెండింటి తూకం మీద ఆధారపడి ఉంది. డబ్బు ఇచ్చేటప్పుడు మనసు చివుక్కుమనడం బలహీనత కాదన్నమాట. మనల్ని కాపాడటానికి శరీరంలోనే ఉన్న కాపలాదారు అది.

ఆ కాపలాదారు నోట్లు చూస్తే మేలుకుంటాడు, కార్డు చూస్తే కునుకు తీస్తాడు. డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో ఆట టికెట్లకు వేలం పెట్టారు. కార్డుతో చెల్లించవచ్చని చెప్పిన విద్యార్థులు, నగదు ఇవ్వాలని చెప్పినవాళ్లకంటే దాదాపు రెట్టింపు ధర పలికారు. మన దేశంలో 2016లో యూపీఐ వచ్చింది. సౌకర్యమే, కాదనలేం. కానీ నోటు చేయి దాటుతున్న బాధ అందులో తెలియదు.

మరో ప్రయోగం 2014 నాటిది. ఒకే వస్తువును కొందరు మౌస్‌తో, కొందరు తెర మీద వేలితో తాకి ఎంచుకున్నారు. వేలితో తాకినవాళ్లకు ఆ వస్తువు అప్పటికే తమదైనట్టు అనిపించి, దానికి ఎక్కువ విలువ కట్టారు. తాకింది గాజు తెరనే. అయినా మనసు వస్తువునే పట్టుకున్నట్టు భావించింది.

లేనిదాన్ని ఉన్నట్టు చూపే లోకం

కళ్లజోడు మీ ముఖం మీద ఎలా ఉంటుందో, సోఫా మీ గదిలో ఎలా ఉంటుందో ఇప్పుడు ఫోన్‌లోనే చూడవచ్చు. కళ్లకు అద్దాల పెట్టె తగిలించుకుంటే ఇంకో లోకంలో తిరుగుతున్నట్టే ఉంటుంది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటారు.

ఈ విద్యకు మంచి ఉపయోగాలూ ఉన్నాయి. అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాల రోగులకు కట్టు మార్చే సమయంలో మంచులోకం చూపించారు. మనసు మంచు మీదకు పోవడంతో రోగులకు నొప్పి బాగా తగ్గినట్టు తేలింది. 2011లో హాల్ హెర్ష్‌ఫీల్డ్ బృందం యువకులకు ముసలితనంలో వాళ్ల ముఖం ఎలా ఉంటుందో వర్చువల్ అద్దంలో చూపించింది. అలా చూసినవాళ్లు వృద్ధాప్యం కోసం ఎక్కువ డబ్బు దాచుకోవడానికి ఇష్టపడ్డారు.

కళ్లు చూసినదాన్ని మనసు నమ్ముతుంది. ఆ నమ్మకంతో నొప్పి తగ్గించవచ్చు, పొదుపు నేర్పవచ్చు. అదే నమ్మకంతో అవసరం లేని వస్తువు కూడా అమ్మవచ్చు.

తొందర పెట్టే ఎత్తుగడలు

మనల్ని తికమకపెట్టి కొనిపించే ఎత్తుగడలకు హ్యారీ బ్రిగ్నల్ అనే నిపుణుడు 2010లో "డార్క్ ప్యాటర్న్స్" అని పేరు పెట్టారు. 2019లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 11,000 కొనుగోలు వెబ్‌సైట్లను పరిశీలించగా ఇలాంటివి 1,818 దొరికాయి. కొన్నిచోట్ల "ఆఫర్ ముగుస్తోంది" అన్న గడియారం సున్నాకు చేరాక కూడా అదే ధర కొనసాగింది!

మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ముఖ్యమైనవి ఇవి:

• "రెండే మిగిలాయి, త్వరపడండి" అంటూ అబద్ధపు తొందర పెట్టడం.
• మనం అడగని వస్తువునో, బీమానో, విరాళాన్నో బిల్లులో కలపడం.
• వద్దంటే "నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు" అని నొక్కించి సిగ్గుపరచడం.
• మొదట తక్కువ ధర చూపి చివర్లో రుసుములు పెంచుకుంటూ పోవడం.
• చేరడం సులభంగా, మానుకోవడం కష్టంగా ఉండే నెలసరి చందాలు.

ఇవన్నీ కోరేది ఒక్కటే: మీరు ఆలోచించే లోపే మీ వేలు నొక్కాలి.

అలవాటు జబ్బుగా మారేదెప్పుడు?

పండగకు నాలుగు వస్తువులు కొన్నంత మాత్రాన జబ్బు కాదు. అయితే కొనకుండా ఉండలేని స్థితి ఉంటుందని మానసిక వైద్యులు వందేళ్ల కిందటే గుర్తించారు. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణ ప్రకారం పెద్దవాళ్లలో నూటికి సుమారు ఐదుగురిలో ఈ లక్షణాలు ఉండవచ్చు. వీటిని గమనించండి:

1. దిగులు, కోపం, ఒంటరితనం కలిగినప్పుడల్లా కొనుగోలు యాప్ తెరవడం.
2. వచ్చిన ప్యాకెట్లు ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచడం, విప్పకుండానే మూలన పడేయడం.
3. కొన్న వెంటనే సంతోషం, కాసేపటికే పశ్చాత్తాపం.
4. మానాలనుకున్నా మానలేకపోవడం, నిద్ర చెడటం.
5. మందులకు, ఫీజులకు ఉంచిన డబ్బు ఖర్చవడం, అప్పులు చేయడం.

ఇలా ఉన్నవాళ్లను తిట్టి లాభం లేదు. తిడితే దాచడం ఎక్కువవుతుంది. లోపల దిగులు జబ్బు ఉండి ఉండవచ్చు, దానికి చికిత్స ఉంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అతిగా వాడేవాళ్ల కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

అప్పు యాప్‌లతో జాగ్రత్త

కొనడానికి డబ్బు లేకపోతే వెంటనే అప్పిస్తామనే యాప్‌లు ఉన్నాయి. 2020లో ఇలాంటి యాప్‌లవాళ్ల వేధింపులు తట్టుకోలేక మన తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ మీ ఫోన్‌లోని ఫొటోలు, పరిచయస్తుల నంబర్లు తీసుకోకూడదు. అప్పు తీసుకున్నాక మనసు మారితే, కనీసం ఒక రోజు గడువు ఉంటుంది. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు.

మందులు ఆన్‌లైన్‌లో కొనేవారికి

మందు చీర వంటిది కాదు, నచ్చినది ఎంచుకోవడానికి. పాత చీటీ పెట్టి అవే మాత్రలు నెలల తరబడి తెప్పించుకోకండి. మీ బీపీ, షుగర్ మారి ఉండవచ్చు, మోతాదు కూడా మారాలి. యాంటీబయాటిక్స్ సొంతంగా తెప్పించుకుంటే తర్వాత అవసరమైనప్పుడు అవి పనిచేయకపోవచ్చు. ముఖం తెల్లబడుతుందని చెప్పే క్రీములతో మరీ జాగ్రత్త. స్టిరాయిడ్ కలిసిన క్రీములు చర్మాన్ని పలుచన చేస్తాయి. అందుకే 2018లో ప్రభుత్వం 14 స్టిరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదని చెప్పింది.

ఇంట్లో పాటించవలసినవి

• ఒక రాత్రి ఆగండి. వస్తువును బుట్టలో వేసి వదిలేయండి. తెల్లవారి కూడా కావాలనిపిస్తే కొనండి.
• కొనేముందు ధరను నోటుపుస్తకంలో చేత్తో రాయండి. కునుకు తీసే కాపలాదారు మేలుకుంటాడు.
• కార్డు వివరాలు యాప్‌లో దాచి పెట్టకండి. ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయండి.
• జీతం రాగానే మందుల డబ్బు ముందు తీసి వేరుగా పెట్టండి.
• పడుకునే గదిలోకి ఫోన్ తీసుకెళ్లకండి.
• బిల్లును నొక్కే ముందు పై నుంచి కింది వరకు ఒకసారి చదవండి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

మనసు బాగా లేనప్పుడు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కొన్న వస్తువు విషయంలో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఖాతాలో డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి. ఆన్‌లైన్ అమ్మకందారు మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. అప్పటికీ న్యాయం జరగకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు వెల 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు.

మొదట చెప్పిన ఇంటికి మళ్లీ వెళ్దాం. ఆ కోడలికి కావలసింది మిక్సీ కాదు, కాసింత తీరిక, పలకరించే మనిషి. ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టి అత్తగారి దగ్గర కూర్చుని "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే, ఇద్దరి సమస్యా బయటపడుతుంది. ఈ పుస్తకం చదివిన మీరు ఈ రోజే మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.