బరిలో మృగం, బడిలో మాస్టారు

మన ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, 1990లలో, పిల్లలు కుస్తీవీరుల బొమ్మల కార్డులు పంచుకుని ఎవరి బరువెంత, ఎవరి ఎత్తెంత అని ఆడుకునేవారు. ఆదివారం ఆరాధనకు ఆలస్యమయ్యేలా టీవీ ముందు కూర్చున్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు ఈ మాటలు చదువుతున్నవారిలోనూ ఉండే ఉంటారు. ఆ కార్డుల కాలానికి కొంచెం ముందుతరం మనిషి జార్జ్ 'ది యానిమల్' స్టీల్. ఆయన 2017 ఫిబ్రవరి 16న అమెరికాలోని ఫ్లోరిడాలో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అసలు పేరు జిమ్ మైయర్స్. క్రైస్తవ కుటుంబాలు చదివే ఈ పేజీలో ఒక కుస్తీవాడి సంగతి ఎందుకని అడిగేవారు చివరిదాకా చదవాలని మనవి.

ముందు ఆ ఆట సంగతి చూద్దాం. టీవీలో వచ్చే కుస్తీ మన ఊళ్లలో తాలింఖానాల పహిల్వాన్లు పట్టే కుస్తీ లాంటిది కాదు. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒకరు మంచివాడి వేషం కడతారు, ఒకరు చెడ్డవాడి వేషం. దాన్ని మోసం అనేముందు, క్రిస్మస్ నాటికలో హేరోదు వేషం వేసే మన సంఘపు అన్నను తలచుకోండి. అతడు ఎంత భయంకరంగా అరిస్తే నాటిక అంత బాగా వచ్చిందంటాం. కాకపోతే కుస్తీలో కిందపడటం నిజం, నడుం విరగడం నిజం, రాత్రికొక ఊరు తిరగడం నిజం. అందుకే ఆ వృత్తిలో చాలామంది ఒళ్లూ ఇల్లూ రెండూ పోగొట్టుకున్నారు.

మైయర్స్ కట్టిన వేషం మరీ విచిత్రం. బోడిగుండు, ఒళ్లంతా దట్టమైన రోమాలు, బిళ్లలు చప్పరించి ఆకుపచ్చగా చేసుకున్న నాలుక. బరి మూలల్లో కట్టిన మెత్తటి దిండ్లను పళ్లతో చీల్చి దూది బయటికి లాగేవాడు. మాట రానట్టు ఒకటి రెండు శబ్దాలు తప్ప పలికేవాడు కాదు. చూసేవారు ఆయనను బుద్ధి లేని మృగమనే అనుకునేవారు.

ఆ మనిషి మిషిగన్ రాష్ట్రంలోని మాడిసన్ హైట్స్‌లో హైస్కూలు ఉపాధ్యాయుడు! మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ, ఆ తర్వాత మాస్టర్స్ డిగ్రీ కూడా చేశారు. పిల్లలకు ఫుట్‌బాల్, కుస్తీ నేర్పే కోచ్. చిన్ననాట ఆయనకు డిస్లెక్సియా ఉండేది, అంటే అక్షరాలను, పదాలను గుర్తించి చదవడం కష్టమయ్యే ఇబ్బంది. మొద్దబ్బాయి అనిపించుకునే బాధ తెలిసినవాడే మళ్లీ బడికి వెళ్లి బల్లకు ఇవతలి వైపు నిలబడ్డాడు. మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది. ఈనాటికీ మన సండే స్కూళ్లలో వాక్యం పైకి చదవమంటే తల దించుకునే పిల్లవాడు ఒకడుంటాడు. వాడిని సోమరి అంటాం.

కుస్తీలోకి ఎందుకు వెళ్లారంటే, డబ్బు చాలక. పెళ్లయింది, పిల్లలున్నారు, మాస్టారి జీతం సరిపోయేది కాదు. మొదట డెట్రాయిట్‌లో ముఖానికి ముసుగు వేసుకుని 'ది స్టూడెంట్' అనే పేరుతో పోటీపడ్డారు. 1967 ప్రాంతంలో ఆనాటి ఛాంపియన్ బ్రూనో సమ్మార్టినో దృష్టిలో పడి, న్యూయార్క్ వైపు నడిచే పెద్ద సంస్థలో చేరారు. అక్కడే ఈ మృగం వేషం మొదలైంది. అయినా ఏళ్ల తరబడి ఎండాకాలం సెలవుల్లో మాత్రమే కుస్తీ పట్టి, బడి తెరిచే వేళకు ఇంటికి చేరేవారు. పేరు, డబ్బు రెండూ పిలుస్తున్నప్పుడు ఇలా వెనక్కి రావడం తేలిక కాదు. గల్ఫ్‌కు వెళ్లి ఇంకొక్క సంవత్సరం, ఇంకొక్క సంవత్సరం అంటూ పిల్లల బాల్యమంతా దూరంగా గడిపిన తండ్రులు మన సంఘాల్లో ఉన్నారు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అవసరం వారిని పంపింది. మైయర్స్‌కు మాత్రం తిరిగి వచ్చే వీలుంది, ఆయన దాన్ని వాడుకున్నారు.

1980లలో ఆయన మంచివాడి వేషానికి మారారు. తోటి వీరుడు రాండీ సావేజ్ పక్కన నిలిచే మిస్ ఎలిజబెత్‌ను ఈ మృగం మూగగా ఆరాధించడం అప్పటి కథ. 1986 రెజిల్‌మేనియాలో ఇద్దరూ తలపడ్డారు. సావేజ్, ఎలిజబెత్ బయట నిజంగానే భార్యాభర్తలు, ఆ పెళ్లి 1992లో విడాకులతో ముగిసింది. బరిలో పరాయి స్త్రీ వెంట పడ్డట్టు నటించిన మైయర్స్ మాత్రం యౌవనంలో పెళ్లాడిన భార్యతోనే ముసలితనం దాకా, దాదాపు 60 ఏళ్లు కాపురం చేశారు.

1988లో పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధి బయటపడి బరి నుంచి తప్పుకున్నారు. తరువాత ఫ్లోరిడా తీరంలోని కోకో బీచ్‌లో స్థిరపడ్డారు. పెద్దపేగు తీసేసే ఆపరేషన్ కూడా జరిగింది. 1994లో వచ్చిన 'ఎడ్ వుడ్' సినిమాలో, తనలాగే కుస్తీ నుంచి సినిమాల్లోకి వచ్చిన టోర్ జాన్సన్ పాత్ర వేశారు. మరుసటి ఏడాది కుస్తీవీరుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. చివరి దశకంలో క్రీస్తునందలి తన విశ్వాసాన్ని దాచుకోకుండా చెప్పేవారు. 2013లో ఆత్మకథ అచ్చయింది. అక్షరాలు తడబడిన పిల్లవాడి పేరు అట్ట మీద ఉన్న పుస్తకం అది.